తెర లేని కంప్యూటర్

మా చెల్లెలు భవానీదేవికి పుట్టుకతోనే చూపు లేదు. రాజోలులో పిల్లలకు సంగీతం చెబుతుంది, సొంతంగా పాటలు కడుతుంది. అవన్నీ ఆమె చెబుతుంటే నేనే కాగితం మీద పెడతాను. నచ్చని చోట ఓ మాట మారుస్తాను కూడా. వేరే ఎవరైనా చదివినప్పుడు పట్టుకుని నాతో తగువేసుకుంటుంది.

“ఒక్క పాటైనా నేనే రాసుకోవాలన్నయ్యా. మధ్యలో నువ్వుండకూడదు,” అని ఈమధ్య కంప్యూటర్ కావాలంది.

నాకు కొట్లవాళ్లతో బేరాలంటే ఒళ్లుమంట. ఫోన్లో కంపెనీ నుంచే నేరుగా తెప్పిద్దామని వారం రోజులు వెతికి, మా వీధిలో ఎవరింటా లేనంత పెద్ద తెర ఉన్నది ఎంచాను. డబ్బు కట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“ముట్టుకుని చూడాలన్నయ్యా. ఫోన్లో ముట్టుకోనివ్వరు కదా.”

విసుక్కుంటూనే అమలాపురం తీసుకెళ్లాను. గడియారస్తంభం దగ్గర కామరాజుగారి కొట్టు. ఆయన ఓ కంప్యూటర్ బల్ల మీదకు జరిపి, “చూసుకోండమ్మా,” అన్నారు. నాకు కోపం నషాళానికంటింది. చేతిలో తెల్ల కర్ర కనబడటం లేదా అని అడగబోయాను. ఆమె మాత్రం “ఆయ్” అని చేతులు చాపింది.

ఆయన పెట్టె పక్క రేకు విప్పారు. ఆమె వేళ్లు ఒక్కో భాగాన్నీ మెల్లగా తడిమాయి.

“ఇదేంటండీ, బుల్లి ఫ్యానులా ఉంది?”

“ఫ్యానేనమ్మా. దాని కిందుందే, అదే మెదడు. వేడెక్కిపోకుండా గాలి కొడతాదండి.”

“మా అన్నయ్యకీ ఒకటి బిగించండి,” అంది.

రేకు మూసి, కీబోర్డు ఆమె ముందు పెట్టి, చదివి వినిపించే ప్రోగ్రాం వేశారాయన. టైపు ఆమె అంధుల శిక్షణలో నేర్చుకున్నదే. ఒక మీట నొక్కింది. “క” అంది కంప్యూటర్. ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. గొంతు యంత్రానిదే, మాట మాత్రం తెలుగు. కాసేపటికి తెర మీద అక్షరాలు చకచకా పడుతున్నాయి. అది చెబుతోంది, ఆమె విని తప్పు దిద్దుకుంటోంది.

ఫోన్లోది గుర్తొచ్చి, “ఇంతకన్నా పెద్ద తెర ఉందాండీ?” అని అడిగాను.

కామరాజుగారు నాకేసి చూశారు. “తెర ఎవరికండీ?”

వారం రోజులు వెతికానే గాని ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

“మానిటర్ దండగండి. ఉండండి, చూపిస్తాను,” అని ఆయన తెర ఆపేశారు. సరుకు అమ్ముకునే మనిషి వద్దని చెప్పడం నేనెక్కడా చూడలేదు. నల్లబడ్డ తెర ముందు ఆమె వేళ్లు క్షణం కూడా ఆగలేదు. కళ్లున్న మా ఇద్దరికీ అక్కడ ఏమీ లేదు, ఆమెకు అంతా ఉంది. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి నిలబడ్డాను.

ఆయన ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. చెవుల్లో పెట్టుకోగానే మాకు ఆ గొంతు కూడా వినబడటం మానేసింది. ఆమె రాసింది, ఆగింది, మళ్లీ రాసింది. చివరికి కదలకుండా కూర్చుని మొత్తం వింది. చెంపల మీదుగా నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

“ఏం రాశావమ్మా?” అన్నాను, చెయ్యి చాపి.

ఒక ఇయర్‌ఫోను తీసింది. నా చేతిలో పెడుతుందనుకున్నాను. గుప్పిట్లో దాచుకుంది.

“పాటన్నయ్యా. పాడినప్పుడు విందువుగాని.”