సోమలింగం చెప్పిన ఒక్క మాట

సోమలింగానికి గొంతు ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. ప్రాణం దక్కింది కాని మాట పోయింది. ఆయన మాట్లాడిన వీడియో ఇంట్లో ఒక్కటీ లేదు. ఫోన్ ఎదురుగా పెడితే చాలు, నోరు బిగించి నిటారుగా నిలబడే మనిషి. ఒక్కసారైనా ఆ గొంతు మళ్లీ వినాలని భార్య కొమురవ్వ కొట్టుకులాడుతోంది. అప్పుడే ఆమెకు ఆ సినిమా గుర్తొచ్చింది.

మూడేళ్ల కిందట ఆయన పనిచేసే ఖాతాలో, మగ్గాలన్నీ ఉన్న ఆ షెడ్డులోనే, షూటింగ్ జరిగింది. హత్య సినిమా. సేటును ఎవరో చంపుతారు. పోలీసు వచ్చి మగ్గం దగ్గరున్న పనివాణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ పనివాడు సోమలింగమే. ఒక్క ముక్కను తొమ్మిదిసార్లు చెప్పించారని సిరిసిల్ల నుంచి వలసొచ్చి వాళ్లుండే ఉన్ అనే పేటలో గల్లీ అంతా అప్పట్లో నవ్వింది. సినిమా హాలుకు వచ్చేసరికి డబల్ డ్యూటీలు పడి ఎవరూ చూడలేదు.

కూతురు నవత ఫోన్‌లో వెతికింది. తెలుగులో కూడా ఉందనగానే అదే పెట్టమంది కొమురవ్వ. మన మనిషి మాట మన భాషలో కాక ఇంకెక్కడ ఉంటుందని ఆమె ధీమా. గంటసేపు చూశాక భర్త ముఖం కనిపించింది. నోరు తెరిచాడు.

"మరమగ్గం అప్పటికే ఆగిపోయిందండీ."

గోదావరి వైపు కుర్రాడెవడిదో గొంతు.

"ఎవడే వీడు? మీ బాపు ఎన్నడన్న మరమగ్గం అన్నడా?"

పక్కనే ఉన్న సోమలింగం భుజాలు కదుపుతూ చప్పుడు లేకుండా నవ్వాడు.

బాపు చెప్పింది హిందీలోనని, ఇది డబ్బింగని నవత నచ్చజెప్పి, హాల్లో ఆడిన హిందీ సినిమా పెట్టింది. అందులో పోలీసు ఖాతాలో అడుగుపెట్టాడు, వెంటనే జీపెక్కి వెళ్లిపోయాడు. సోమలింగమే లేడు. పైగా తెలుగులో సేటును చంపింది తమ్ముడు, ఇందులో మేనేజరు.

"ఒక్క పీనుగకు ఇద్దరు హంతకులేందే?" అంది కొమురవ్వ, తల పట్టుకుని.

నవత ఏదో చదివి చెప్పింది. నిడివి ఎక్కువైందని హాలు కోసం కత్తిరించారట, చివర కూడా మార్చారట. తెలుగుది కత్తిరించక ముందటిదట. అలా కత్తిరించనిదే హిందీలోనూ ఒకటి కనబడింది. "అమ్మా, ఏక్ ఔర్ హై. హిందీలనే, పూరా వాలా."

కొమురవ్వకు ఆశ కంటే భయమే ఎక్కువైంది. ఇందులోనూ లేకపోతే ఇక వెతకడానికి చోటే లేదు.

పోలీసు అడిగాడు. సోమలింగం తలెత్తాడు.

"సాంచ బంద్ థా, సాబ్."

ఖాతాలో హిందీవాళ్లు మశీన్ అంటారు. మగ్గాన్ని సాంచ అనేది సిరిసిల్ల నుంచి వచ్చిన వీళ్లే. డబ్బింగ్ వాడికి తట్టే మాట కాదది. కొమురవ్వ మళ్లీ పెట్టించింది. మళ్లీ. ఐదోసారికి భర్త వైపు చూస్తే, ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. ఫోన్ చూపించి, మెడ మీద కుట్ల మచ్చ చూపించి, నాది కాదని సైగ చేశాడు. నవత బిక్కమొహం వేసింది. బాపే కాదంటే మరి ఎవరిది?

కొమురవ్వకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తర్వాత భర్త చేతిని మెల్లగా కిందికి దించింది.

"నీ గొంతు బయటినుంచి నువ్వెప్పుడు ఇన్నవయ్యా? ఇరవై రెండేండ్లు ఇన్నదాన్ని నేను."

నవత దగ్గర ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకుని, మళ్లీ పెట్టమంది.