పడ్డది! ఎవరిది?

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. తయారవుతున్న వీడియో గేమ్ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతే, దాన్ని ఆడి పరీక్షించే ఉమేరా కుర్చీలోంచి లేచి "పడ్డది!" అని కేక పెడుతుంది. హాలంతా ఠక్కున ఊరుకుంటుంది. ఎవరి పని వల్ల పడిందో వాళ్లు చెయ్యెత్తి "నాదే" అనాలి. తిట్లుండవు. నాదే అన్నవాళ్లు సాయంత్రం అందరికీ ఇరానీ చాయ్ తాగించాలి, అంతే. అందరికంటే ఎక్కువ చాయ్‌లు పోయించింది కల్పలత. ఆటలో ఒక పాత బజారు వీధి ఉంది, దాన్ని మొత్తం ఆమే కట్టింది. గాజుల దుకాణాలు, తడిసిన మెట్లు, గోడల మీద పాచి, అన్నీ ఆమె చేతి పనే. కట్టినవాళ్లకే కదా కూలేవి ఉండేది.

ఆట విదేశీ కంపెనీది. కార్ఖానా అనే పేటలో సోఫాల దుకాణం పైనున్న ఈ ఆఫీసు దానికి పని చేసిపెడుతుంది. సినిమాకి వేసినట్టే ఆట చివర పనిచేసినవాళ్ల పేర్లు వేస్తారు. ఆ ఒక్క పేరు కోసం కల్పలత పెళ్లిళ్లూ పండగలూ మానుకుని పనిచేసింది. కాప్రాలో ఉండే తల్లి కమలాబాయి దృష్టిలో వీడియో గేమ్ అంటే పిల్లలు చెడిపోయే సంగతి. అయినా కూతురి పేరు తెర మీద పడుతుందని అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకుంది. "పెద్దక్షరాలతోటి ఏస్తరా, సన్నయా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది.

విడుదల దగ్గరపడింది. ఒకరోజు పొద్దున మేనేజర్ ఓంప్రకాశ్ అందరినీ హాల్లో నిలబెట్టి, సగం మందికి ఇదే ఆఖరి రోజని చెప్పాడు. ఆ సగంలో కల్పలత ఉంది.

"దునియా మొత్తంల గేమ్స్ పరిస్థితి గిట్లనే ఉంది," అన్నాడు. "మనమేం చేస్తం చెప్పుండ్రి?"

"అంటే మళ్లా పెద్ద క్రాష్ వస్తున్నదా సార్?" అని అడిగింది ఉమేరా. ఆమె ఉండిపోయేవాళ్లలో ఉంది. "ఎనకట అమెరికాల అయ్యిందంట గదా, గట్ల?"

"క్రాష్ అనకు. కరెక్షన్ అను."

కల్పలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు అమెరికాలో ఏమైందో ఆమెకూ తెలుసు. ఒకడి ఆట అమ్ముడుపోయిందని అందరూ అలాంటివే చెత్త ఆటలు కుప్పలు పోసి, కొనేవాడికి వెగటు పుట్టించి మునిగారు. ఇప్పుడు చేస్తున్నదేమిటి? నిరుడు ఇదే ఓంప్రకాశ్ ఇదే చోట నిలబడి, ఈ వ్యాపారానికి చావు లేదన్నాడు. ఉన్న ఉద్యోగాలు మాన్పించి మరీ జనాన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. పదిమందీ చేస్తున్న ఆటే మనమూ చేస్తే ఎవరు కొంటారని ఆమె అడిగితే, నీ వీధి నువ్వు చూసుకో అన్నాడు. లేచినప్పుడు అంతా తన తెలివి, మునిగినప్పుడు దునియా సంగతి! వాన పడిందని చెప్పినంత తేలిగ్గా చెబుతున్నాడు. ఈ హాల్లో ఇంతవరకు ఎవరిదీ కాకుండా ఏదీ పడలేదు.

ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కుంటుంది. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆఖర్ల నా పేరైతే ఉంటది గదా సార్?"

ఓంప్రకాశ్ నీళ్లు నమిలాడు. "రిలీజ్ నాడు నౌకరీల ఉన్నోళ్ల పేర్లే ఏస్తరు కల్పలతా. ఆ రూల్ నాది కాదు."

"గల్లీ మొత్తం నేను కట్టిన సార్."

"ఎవరు కాదన్నరు? పేరు రాదు, అంతే. జెర అర్థం చేసుకో."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న! ఆమెకు అరవాలనిపించింది, అక్కడున్న కుర్చీ ఎత్తి విసరాలనిపించింది. అమ్మకు ఏం చెప్పాలి? పెద్దక్షరాలూ లేవు, సన్నవీ లేవు. బొమ్మలు గీసేటప్పుడు చేతికి వేసుకునే రెండు వేళ్ల తొడుగు లాగి బల్ల మీద కొట్టి, సామాను సర్దుకోసాగింది.

"పడ్డది!"

ఉమేరా అలవాటు కొద్దీ లేచి కేక పెట్టేసి, కల్పలతను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉమేరా తెర మీద గాజుల దుకాణం ముందు ఆట బిగుసుకుపోయి ఉంది. హాలంతా ఊరుకుంది. ఓంప్రకాశ్ గదిలోంచి పరుగున వచ్చాడు.

"ఎవరిది? సాయంత్రం కంపెనీవాళ్లు చూస్తరు! ఎవరిదిది?"

దూరం నుంచి చూసిన ఒక్క చూపుకే కల్పలతకు అర్థమైంది. నిన్న మెట్ల పక్కన తను పెట్టిన దీపమే కారణం. సరిచేయడం చిటికెలో పని. "నాదే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యి సగం లేచింది కూడా. ఆ చేత్తోనే బ్యాగు అందుకుని భుజాన వేసుకుంది.

"కల్పలతా, నీ గల్లీయే గదా. పోయేముందు జెర చూసి పో."

"నాదెట్లయితది సార్?" ఆమె తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "తప్పయినప్పుడల్లా నాదే అన్న. పని సుత నాదే అంటే రూల్ లేదంటిరి. ఆఖర్ల పేర్లు ఏస్తరు గదా, అండ్ల చూడుండ్రి. ఎవరి పేరుంటే ఆళ్లను లేపుండ్రి."

ఆమె మెట్లు దిగుతుంటే పైనుంచి ఓంప్రకాశ్ గొంతు మళ్లీ వినబడింది.

"ఎవరిదని అడుగుతున్న!"

ఎవరూ నాదే అనలేదు.