ముందు గాలి, తర్వాత పడవలు

అరవై రెండులో నూర్జాన్ బోగోలుకు తూర్పున, సముద్రపు ఒడ్డు పల్లె హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. కావలిలో బట్టల వ్యాపారం చేసే లాల్ అహ్మద్ కూతురామె. ఆ హైస్కూలుకు వచ్చిన మొదటి ఆడ టీచరు కూడా ఆమే.

మరుసటి జనవరిలో సెలెక్షన్ పరీక్ష జరిగింది. రెండు చిన్న వాక్యాలిచ్చి కలిపి రాయమన్నారు. గైడులో జవాబు, 'ది బోట్స్ డిడ్ నాట్ గో అవుట్ బికాజ్ ది విండ్ వాజ్ స్ట్రాంగ్.' చేపలు పట్టేవాళ్ల పిల్ల మాలకొండమ్మ దాన్ని తిప్పి రాసింది. 'బికాజ్ ది విండ్ వాజ్ స్ట్రాంగ్, ది బోట్స్ డిడ్ నాట్ గో అవుట్.' అట్లాంటివే ఇంకో నాలుగు తిప్పింది. నూర్జాన్ అన్నిటికీ మార్కులు వేసింది. హెడ్మాస్టరు ఆదెయ్య పేపరు తెప్పించుకుని, అన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేశారు. ఆ మార్కులు పోతే మాలకొండమ్మ తప్పినట్టే. తప్పిన పిల్లను పబ్లిక్ పరీక్షకు పంపరు.

నూర్జాన్ ఆయన గదికి వెళ్లింది.

"ఈ వాక్యంలో తప్పేముంది సార్?"

"బికాజ్‌తో వాక్యం ఎత్తుకోకూడదమ్మా. మా అయ్యవారు బెత్తం పట్టుకోని నేర్పించినాడు మాకు."

"మీ అయ్యవారి బెత్తానికి ఈ పిల్ల ఒక యాడాది పోగొట్టుకోవాల్నా?"

ఆయన ముఖం నల్లబడింది. "పద, ఆ పిల్లనే అడుగుదాం" అంటూ క్లాసుకు వచ్చి, ఎందుకు తిప్పి రాశావని నిలదీశారు.

మాలకొండమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మేం అట్లనే అంటాం సార్. గాలి జాస్తిగా ఉండాది, అందుకని పడవలు పోలా అని. పడవలు పోలేదని ముందే చెప్పి, ఆనక ఎందుకో చెప్తే, సంజాయిషీ ఇచ్చుకున్నట్టు ఉంటాది."

నూర్జాన్ రెండు వాక్యాలూ బోర్డు మీద రాసింది.

"రెండూ ఒప్పే. ఏది ముందు చెప్పాలో చెప్పేవాళ్ల ఇష్టం. కారణాన్ని ముందుకు తెస్తే మధ్యలో కామా పెట్టండి, అంతే" అంది. హెడ్మాస్టరు వాకిట్లో నిలబడి ఉండగానే పిల్లల చేత ఇంకో పది వాక్యాలు అటూ ఇటూ తిప్పించింది.

సాయంత్రం ఆయన మార్కుల షీటు ఆమె ముందుకు తోశారు.

"నేను దిద్దిన మార్కులకు సంతకం పెట్టు. పిల్లకాయల ముందర నన్ను తక్కువ చేసినందుకు క్షమాపణ రాసియ్యి. లేదంటే పైకి రాస్తా."

"సంతకం పెట్టను సార్. రాసి మాత్రం ఇస్తా."

అక్కడే కూర్చుని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసింది. నేను క్షమాపణ చెప్పను, మీరు అడిగినప్పటికీ. చదువుకుంటే చివరిమాట ఆయనదైనట్టు తోచింది. కొట్టేసి వరుస మార్చింది. మీరు అడిగినప్పటికీ, నేను క్షమాపణ చెప్పను. అది ఆయన చేతికిచ్చి, తలుపు తీసుకుని బయటికి నడిచింది.

టీచరు సంతకం లేని షీటు పైకి పోదు. గడువు మీద పడేసరికి ఆదెయ్య పళ్లు కొరుక్కుంటూ నూర్జాన్ వేసిన మార్కులే పంపారు. వాటి వెంటే ఆమె మీద ఫిర్యాదూ పంపారు. నెల తిరక్కుండా నూర్జాన్‌ను నాయుడుపేటకు బదిలీ చేశారు.

సామాను సర్దడానికి వచ్చిన లాల్ అహ్మద్ పెట్టెకు తాడు బిగిస్తూ అడిగాడు.

"ఒక కామా కోసరం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటారామ్మా ఎవరన్నా?"

"కామా కోసరం కాదబ్బా. తన మాట తనకు తోచినట్టు చెప్పింది ఆ పిల్ల. దాన్ని కొట్టేస్తుంటే చూస్తా ఊరుకోమంటావా?"

ఆయన తాడుకు ఇంకో ముడి వేశాడు.

మార్చిలో మాలకొండమ్మ పబ్లిక్ పరీక్ష రాసింది. వేసవిలో ప్యాసయింది. నూర్జాన్‌కు ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

నాయుడుపేటలో చేరిన రోజే అక్కడి హెడ్మాస్టరు గైడు చేతికిచ్చి, "ఇందులో ఉండేదే చెప్పండమ్మా" అన్నారు.

"చెప్తాను సార్. కానీ నా పిల్లలు వాక్యాన్ని రెండు మూడు రకాలుగా రాస్తారు. ఒప్పయితే అన్నిటికీ మార్కులు వేస్తాను. ఆనక అనుకోవద్దు, ముందే చెప్తున్నా" అని, చాక్‌పీసు తీసుకుని క్లాసుకు పోయింది.