ఖాళీ చేతుల గురి

సాయంత్రం ఫోను మోగగానే ఇఖ్రా గది మధ్యలోకి వచ్చి నిలబడేది. స్పీకరు పెట్టి, కాళ్లు సర్దుకుని, లేని తుపాకీని భుజానికి ఆనించుకునేది. అటునుంచి అల్బ్రెష్ట్ గొంతు మెల్లగా వినిపించేది. ఊపిరి తీసుకో, సగం వదులు, ఇక ఆగు. కళ్లు మూసుకుంటే జర్మనీలో గార్చింగ్‌లోని ఆ ఇరుకు గది గోడ పొగమంచులా విడిపోయేది. ఎక్కడో దూరంగా కాటుక చుక్కంత గురి తేలుతూ కనిపించేది. లాక్‌డౌన్‌లో మనుషులకు ఎన్నెన్ని పిచ్చులు పట్టలేదు, ఇదొకటి.

అల్బ్రెష్ట్ ఆ ఊరి షూటింగ్ క్లబ్బులో ఆమెకు గురి నేర్పిన పెద్దాయన. చేతులు వణకడం మొదలయ్యాక తన రైఫిల్‌ను ఆమెకే ఇస్తానన్నాడు. ఫిబ్రవరిలో ఆయన వృద్ధాశ్రమానికి మారుతున్నాడు, అక్కడ తుపాకీ ఉంచనివ్వరు. ఆలోగా ఇఖ్రాకు లైసెన్సు వస్తే అది ఆమెది. రాకపోతే ప్రభుత్వం వాళ్లు పట్టుకుపోయి కరిగించేస్తారు.

ఏడాదిపాటు క్లబ్బుకు తిరిగి, పరీక్ష పాసై, కాగితాలన్నీ పెట్టుకుంది పాపం. సరిగ్గా అప్పుడే కరోనా మళ్లీ విరుచుకుపడి లైసెన్సులిచ్చే ఆఫీసు తలుపులు మూసేశారు.

"టెర్మిన్ దొరికిందా అక్కా?" అని అదే గదిలో ఉండే ఈషా రోజూ అడిగేది. టెర్మిన్ అంటే అక్కడ ఆఫీసువాళ్లిచ్చే అపాయింట్‌మెంటు.

"యాడ దొరుకుతది? ఆఫీసే బందున్నది. ఫోన్ జేస్తే పాట ఇనిపిస్తది, మనిషి మాత్రం పలుకడు."

అదే ప్రశ్న అల్బ్రెష్ట్ అడిగితే మాత్రం ఇఖ్రాకు నిజం చెప్పడానికి నోరు రాలేదు. పెద్ద ప్రాణం, కష్టపెట్టడమెందుకని "అయిపోయినట్టే" అనేసింది. మన హైదరాబాద్‌లో ఇది మామూలే. దర్జీని అడిగితే కుట్టేసినట్టే అంటాడు, చుట్టాన్ని పిలిస్తే వచ్చేసినట్టే అంటాడు. అది మర్యాదే తప్ప మాట ఇచ్చినట్టు కాదని అందరికీ తెలుసు. అల్బ్రెష్ట్‌కు ఎవరు చెప్పాలి? రైఫిల్ కొంటానని వచ్చిన క్లబ్బు మిత్రుడికి లైసెన్సు ఉంది, డబ్బూ ఉంది. అయినా ఇఖ్రా మాట నమ్మి ఆయన అతణ్ణి వద్దని పంపేశాడు.

ఆ సంగతి జనవరిలో ఆయనే ఫోన్లో సంబరంగా చెప్పాడు. ఆ సాయంత్రం ఇఖ్రా ఎంత కళ్లు మూసుకున్నా గోడ గోడలాగే ఉండిపోయింది.

మర్నాడు మంచులో బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లి, గేటు అవతలే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తోటలో చెట్ల మీది మంచు చప్పుడు లేకుండా రాలుతోంది.

"నువ్వు నన్ను సంతోషపెట్టాలనుకున్నావు," అన్నాడాయన. "నేను అడిగింది మాత్రం నిజాన్ని."

ఆ మిత్రుడు అప్పటికే మరొకటి కొనుక్కున్నాడు. పోనీ తుపాకులమ్మే దుకాణంలో దాచుదామంటే దుకాణాలకూ తాళాలే. ఫిబ్రవరిలో ప్రభుత్వ బండి వచ్చి రైఫిల్ ఉన్న పొడుగాటి సంచిని తీసుకుపోయింది. ఫోను మోగడం మానేసింది. అయినా ఇఖ్రా సాయంత్రాలు గది మధ్యలో నిలబడుతూనే ఉంది, సిగ్గుతో, దిగులుతో, ఎదురుచూపుతో.

మే నెలలో లైసెన్సు వచ్చింది. దాన్ని తీసుకుని వృద్ధాశ్రమం తోటలోకి వెళ్లి ఆయన కిటికీ అద్దం మీద తట్టింది. అల్బ్రెష్ట్ కిటికీ రెక్క కొంచెం తెరిచి, వచ్చిందా అని అడిగాడు.

"వచ్చింది. ఆలస్యంగా."

ఆయన ఆమెను తేరిపార చూశాడు. తర్వాత వణికే చేతులెత్తి, లేని తుపాకీని భుజానికి ఆనించాడు. ఇఖ్రా కూడా మాస్కు వెనక ఊపిరి తీసుకుని, సగం వదిలి, ఆగింది. తోట, కిటికీ, మే నెల ఎండ అన్నీ కరిగిపోయి, దూరాన నల్లచుక్క ఒక్కటే మిగిలింది. ఆయన చేతులు కూడా ఒక్క క్షణం వణకడం మానేసినట్టే అనిపించింది.

"వచ్చే ఆదివారం వస్తావా?" అన్నాడాయన చేతులు దించుతూ.

వచ్చేసినట్టే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇఖ్రా దాన్ని మింగేసింది.

"తెలీదు. శనివారం రాత్రికల్లా ఫోన్ చేసి చెప్తాను."

ముసలాయన ముఖం విప్పారింది. శనివారం నాడు ఫోను పక్కనే కూర్చుంటానన్నాడు.