ఒక్క గొంతుకి ఒక్క గొట్టం

చీము చూసి ముఖం తిప్పుకునే మనిషి కాదు ఆవిరక్క. ఆ ఆసుపత్రిలో పనిముట్లు శుద్ధి చేసే గదికి ఆమే పెద్ద నర్సు. పొద్దస్తమానం ఆవిరి యంత్రాల మధ్యే తిరుగుతుంది కాబట్టి ఎవరో సరదాకి పెట్టిన ఆ పేరు అలాగే ఖాయమైపోయింది. కత్తెర కీళ్ల మధ్య ఎండిన నెత్తురు, ట్రేల అంచున గడ్డకట్టిన కొవ్వు, గొట్టాల్లో తీగలు సాగే కఫం అన్నీ ఆమె చేతుల మీదుగా పోయేవే. కొత్తగా చేరిన నర్సులు ముక్కు మూసుకుంటే, "మన ఒంట్లోంచి వచ్చిందే కదమ్మా, అత్తరు కారుతుందనుకున్నారా?" అని నవ్వేది.

గొంతులోకి దించి చూసే గొట్టాలు రెండుండేవి ఆ ఆసుపత్రికి. కొసన చిన్న కెమెరా, దాని పక్కన ఆవగింజంత దీపం. వేడి ఆవిరికి అవి ఓర్చుకోలేవు. అందుకని ఆవిరక్క వాటిని పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు చేత్తోనే కడిగేది. లోపలికి సన్నని బ్రష్షు దూర్చి తోమి, మందునీళ్లలో నానబెట్టి, మళ్లీ కడిగి, గాలి పట్టించి, పొడుగ్గా వేలాడదీసేది. ఇప్పుడున్న డాక్టర్లలో సగం మంది బడికి వెళ్లే రోజుల నుంచీ పనిచేస్తున్న గొట్టాలవి.

ఆమె సెలవు పెట్టిన వారంలో ఒక పొరపాటు జరిగింది. బయట రోగులు బారులు తీరి కూర్చుంటే, ఆమె బదులు వచ్చిన నర్సు ఒక గొట్టాన్ని సరిగా నాననివ్వకుండానే తీసి ఇచ్చేసింది. ఒకరి ఛాతీలోని జబ్బు ఇంకొకరికి అంటుకుంది. అంటుకున్నది ఒక ముసలాయనకి. ప్రాణాల మీదికి వచ్చి, నానా యాతనా పడి, చివరికి కర్ర పట్టుకుని ఇంటికి వెళ్లాడు.

దాంతో సూపరింటెండెంటు పాత గొట్టాలు పక్కన పెట్టించి కొత్తవి తెప్పించాడు. ఒక్క గొంతుకి ఒక్క గొట్టం. చూడటం అయిపోతే పారేయడమే. కడిగే పని లేదు, ఆరబెట్టే పని లేదు, అంటుకునే భయం లేదు. ఆవిరక్క కాదనలేదు. ముసలాయన వార్డులో పడి దగ్గిన దగ్గు తన చెవులతో విన్నది కదా.

కొన్నాళ్లకి, గొంతు డాక్టరమ్మ గదిలో వాడిన కత్తెరలు తీసుకోవడానికి వెళ్లిన ఆవిరక్క, పసుపు సంచి తొడిగిన చెత్తడబ్బాలోకి యథాలాపంగా తొంగి చూసింది. కొత్త గొట్టాలు పాముల బుట్టలో పాముల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని పడున్నాయి. వాటి కొసన దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఉమ్మిలో నుంచి, చీమిడిలో నుంచి తెల్లగా మిణుకుమిణుకుమంటున్నాయి. ఒక్కోదానికీ కొసన కెమెరా, పిడిలో బ్యాటరీ, గోరంత సర్క్యూట్ పలక. ఏ ఒక్కటీ చెడిపోలేదు. పొద్దున డబ్బాలోంచి తీసి, మధ్యాహ్నం చెత్తలో వేశారు.

ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి ఆవిరక్క ముఖం తిప్పుకుంది.

"ఇన్ని ఎవరికి వాడారు డాక్టరుగారూ?"

"గొంతు గరగరమన్నా వాడేస్తున్నామక్కా," అంది డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ. "చేతికి అందుబాటులో ఉంటే ఎవరు ఆగుతారు చెప్పండి. ఇదివరకు నోరు తెరవమని, దీపం వేసి చూసి పంపేవాళ్లం. నాకూ ఏం బాగోలేదు. కానీ మళ్లీ ఎవరికైనా జబ్బు అంటుకుంటే నన్నే కదా అడుగుతారు?"

ఆవిరక్క వాడిన కత్తెరలు ట్రేలో వేసుకుని బయటికి నడిచింది.

ఆసుపత్రి వెనక ప్రహరీ పక్కన చెత్త కాల్చే కొలిమి ఉంది. దాని దగ్గర పనిచేసేది ఆవిరక్క మరిదే. ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కరు వేసుకునేవాడు కాబట్టి, ఇప్పటికీ ఆమె వాణ్ని ఏరా అనే పిలుస్తుంది. ఓ రోజు భోజనాల దగ్గర వాడు ముద్ద చేతిలో పెట్టుకుని అన్నాడు. "వదినా, మీ కొత్త గొట్టాలున్నాయే, కొలిమిలో టపటపా పేలుతున్నాయి. ఇదివరకు కట్లూ దూదీ కాలితే బూడిదయ్యేది. ఇప్పుడు బంక కారుతోంది."

"దూరంగా ఉండి కాల్చరా."

"ఊచ పెట్టి కెలకాలి కదా. దూరంగా ఉంటే ఊచేమైనా సాగుతుందా?"

మర్నాడు ఆమె వెళ్లి చూసింది. పొగ నల్లగా, బరువుగా, పైకి పోలేక గోడవారనే పొర్లుతోంది. ఒక రకమైన తీపి కంపు. నాలుక మీద నాణెం పెట్టుకున్నట్టు నోరంతా చేదెక్కింది. కొలిమి చువ్వలకి కరిగిన ప్లాస్టిక్కు నల్లటి చొంగలా వేలాడుతోంది. బూడిదలో సగం కాలిన లోహపు ముక్కలు, ఉబ్బి చిట్లిన బ్యాటరీలు. అదంతా గోడవతల గుంటలో పోస్తారు. గుంటలోంచి జిడ్డు నీరు రంగులు తేలుతూ కాలువలోకి దిగుతోంది. ఇంటికి పోయి తల రుద్దుకున్నా ఆ కంపు వెంట్రుకలు వదల్లేదు.

సూపరింటెండెంటుకి చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఓపిగ్గానే విన్నాడు. "బ్యాటరీలు విడదీసి పంపాలంటే ఎవరు ముట్టుకుంటారు సిస్టర్? ఒక్కోదాని మీద ఒక్కో రోగి ఉమ్మి. పైగా మరమేకు కూడా లేదు, మొత్తం అంటించేశారు. పగలగొట్టాలి. పగలగొడితే చెయ్యి తెగుతుంది. చూద్దాం."

చూద్దాం అన్నది చూస్తుండగానే నెల దాటింది.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం కొలిమి వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. ఊచ పెట్టి కెలకడానికి మరిది తలుపు తీశాడు. లోపల గుట్టగా పడిన బ్యాటరీలన్నీ ఒక్కసారే పేలాయి. మంట, దాని వెనకే పొగ వాడి ముఖం మీదికి వచ్చిపడ్డాయి. తోటివాళ్లు స్ట్రెచరు మీద తెచ్చేసరికి కనుబొమల్లేవు. చెంప మీద చర్మం పాల మీది మీగడలా ముడతపడింది. ముక్కుల్లో మసి. "వదినా" అనబోతే గాలి తప్ప మాట రాలేదు.

"లోపల వాచిందేమో చూడాలి. వాస్తే ఊపిరి ఆడదు," అంది డాక్టరమ్మ. కొత్త డబ్బా చింపి, గొట్టం తీసి, వాడి ముక్కులోంచి మెల్లగా దించింది. ఆవిరక్క వాడి తల రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తెర మీద ఎర్రటి గొంతు, దాని గోడలకి మసి చారికలు.

"పెద్ద వాపు లేదక్కా. గండం గడిచినట్టే."

ఆవిరక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. డాక్టరమ్మ గొట్టం బయటికి లాగి, అలవాటు పడిన చేత్తో పసుపు సంచిలో వేసింది. ఆయా వచ్చి సంచి మూతి కట్టింది. పసుపు ప్లాస్టిక్కులోంచి ఆ చిన్న దీపం కనిపిస్తూనే ఉంది.

"అది ఎక్కడికి పోతుంది?" అంది ఆవిరక్క.

ఆయా తల దించుకుంది.

ఆవిరక్క తొడుగులు వేసుకుని సంచి విప్పింది. గొట్టం తీసి స్టీలు ట్రేలో పెట్టుకుని మెట్లెక్కి, నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. నల్లటి కఫం ట్రేలోకి జారింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏమిటిది సిస్టర్? ముందు తీసెయ్యండి."

"మా మరిది ఉమ్మి సార్. ఆ మసి కూడా వాడి గొంతులోదే. అది కడిగితే పోతుంది. దీని పిడిలో ఉన్నదే ఎలా పోతుందో నాకు తెలియట్లేదు. వాడి ముఖం కాల్చినవాటి తోబుట్టువే ఇది. సాయంత్రం మళ్లీ అదే కొలిమికి పోతుంది. రేపు అక్కడ ఎవణ్ని నిలబెడతారు?"

"ఇవి తెప్పించినప్పుడు మీరూ ఒప్పుకున్నారు కదా."

"ఒప్పుకున్నాను. ఆ ముసలాయన్ని చూసి నోరు మూసుకున్నాను. కానీ ఆయనకి జబ్బు అంటించింది గొట్టం కాదు సార్, తొందర. నాకు ఇంకో మనిషినిచ్చి, ఇంకో నాలుగు గొట్టాలు కొనుంటే అది తీరేది. ఇక నేను చూడకుండా కొలిమికి ఒక్క సంచి కదలదు. ఉద్యోగం తీసేస్తానంటే తీసెయ్యండి."

ఆయన ఆ ట్రే వంక చూశాడు. చూడలేక తల తిప్పుకున్నాడు, మళ్లీ చూశాడు.

"అబ్బాయికి ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

"బతికాడు. గొంతు ఎప్పుడొస్తుందో తెలీదు."

ఆ సంచులు కొలిమికి కదల్లేదు, కడిగే గది ముందు వరండాలోనే పేరుకున్నాయి. రెండు రోజులకే వరండా అంతా కంపెత్తిపోయింది. రోగుల బంధువులు తిట్టుకుంటూ పోయారు. ఆవిరక్క మాత్రం రోజూ తొడుగులు వేసుకుని కూర్చుని, ఒక్కో పిడినీ మందునీళ్లలో ముంచి, పగలగొట్టి, బ్యాటరీని వేరే డ్రమ్ములో వేసింది. డాక్టరమ్మ కూడా పని ముగించుకుని వచ్చి పక్కన పీట వేసుకునేది. ఆ నెలాఖరుకి సూపరింటెండెంటు పాత రకం గొట్టాలు కొనిపించాడు, కడిగే గదికి మరో నర్సును వేశాడు. పారేసే గొట్టాలు అత్యవసరానికి మాత్రమేనని బీరువాలో పెట్టి తాళం వేయించాడు. మరిదికి మాట తిరిగొచ్చింది గానీ జీరపోయింది. కొలిమి పేరెత్తితే చాలు, లేచి వెళ్లిపోతాడు. ఇప్పుడు బట్టలు ఉతికే విభాగంలో చేస్తున్నాడు.

డ్రమ్ములు మాత్రం ఎటూ పోలేదు. వాటి కోసం కబురు పెడితే గొట్టాలమ్మే కంపెనీ మనిషి వచ్చాడు. నలగని చొక్కా, చెరగని నవ్వు. డ్రమ్ముల వైపు ఓసారి చూసి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదండి. కానీ మీ బాధ మాకు అర్థమైంది. అందుకే కొత్త మోడల్ తెచ్చాం," అంటూ ఆకుపచ్చ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "దీని పిడి చెరుకు పిప్పితో చేశారు. ప్రకృతికి మేలు."

"లోపల బ్యాటరీ కూడా చెరుకేనా బాబూ?" అంది ఆవిరక్క.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదని గమనించి ఆపేశాడు. "శాంపిలు ఉంచుకోండి మేడమ్, ఊరికే ఇస్తున్నాం," అని సంచి భుజాన తగిలించుకుని బయల్దేరాడు.

ఆవిరక్క ఆ డబ్బాను రెండు వేళ్లతో పట్టుకుని వాకిలిదాకా అతని వెంట నడిచింది. కారు తలుపు తీయగానే పక్కసీటులో పెట్టింది.

"ఇదొక్కటైనా వెనక్కి తీసుకెళ్లు నాయనా," అంది. "మీ పద్ధతి ఇక్కణ్నుంచి మొదలుపెట్టు."