ఎర్రగీత దాటిన ముల్లు

బట్టల మిల్లు మూతపడిన పదకొండేళ్ళకు దాని బాయిలరు గదిలో వంటసామాన్ల కొట్టు వెలిసింది. కొట్టంటే అల్లాటప్పా కొట్టు కాదు, అంతా ఆవిరి యవ్వారమే. పాత పైపుల మీద కుక్కర్లు పేర్చారు. అమ్మేవాళ్ళకు ఖాకీ చొక్కాలు తొడిగారు. మసి వదలగొట్టిన బాయిలరును నట్టనడుమ పెళ్ళికొడుకులా నిలబెట్టారు.

ఆ బాయిలరును ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన పెద్దమనిషికి ఈ సింగారమంతా తెగ నచ్చేసింది. నచ్చదూ మరి, కొట్టు మేనేజరు స్వయానా ఆయన కోడలు! ప్రారంభం రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాడు. గరిటెలు చూశాడు, గిన్నెల మూతలెత్తి చూశాడు, తలెత్తి బాయిలరు మీద ఆవిరి ఒత్తిడి చూపే మీటరు చూశాడు. అంతే, ముచ్చెమటలు పోశాయి. ముల్లు ఎర్రగీత దాటి ఉంది!

గబగబా కోడలి దగ్గరికెళ్ళి చెప్పాడు. లోపల నిప్పూ లేదు, నీళ్ళూ లేవని, ముల్లు ఎర్రలో ఉంటే ఫొటోల్లో బాగుంటుందని ఓనరుగారే అలా పెట్టించారని ఆవిడ ఓపిగ్గా వివరించింది. ఆ సంగతి ఆయనకు తెలియకనా? తెలిసినా కాలు ఒకచోట నిలవదే! ముచ్చటగా మూడోసారి తిరిగొచ్చేసరికి కోడలికి విసుగొచ్చింది. గంటలో జనం వచ్చేస్తారు, ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చండి అనేసింది.

ఆయన ముఖం చిన్నబోయింది.

"ఆ గోడవతల ఎనభైమంది పనిచేసేవాళ్ళమ్మా. ముల్లు ఎర్రలోకెళ్ళిందంటే నేను వాళ్ళని గాలికొదిలేసినట్టే. ఒక్కరోజు కూడా వెళ్ళనివ్వలేదు. ఇవాళ వాళ్ళూ వస్తారు, ఇది చూస్తారు."

కోడలు స్టూలు లాక్కుని ఎక్కి, మీటరు అద్దం ఊడదీసి, ముల్లును వేలితో కిందికి జరిపింది.

సరిగ్గా అప్పుడే ఓనరు ఊడిపడ్డాడు. దాన్నెవరు ముట్టుకోమన్నారని నిలదీశాడు. పెద్దాయన తన చాదస్తంతో పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టానే అని కుమిలిపోయాడు. తప్పు తనదేనని చెప్పబోయేలోగా కోడలు స్టూలు మీంచే అందుకుంది.

"దీన్ని నడిపిన మనిషి మా మామయ్యేనండి. ముల్లు ఎక్కడుండాలో ఆయన్నే అడగండి."

ఓనరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఎక్కడుండాలండీ?"

మిల్లు మూతపడ్డాక ఆయన్ని ఆ మాట అడిగిన నాథుడు లేడు. ఆనందంతో కళ్ళు నిండిపోయాయి. మసకలోనే మీటరు వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో గీత దించమ్మా," అన్నాడు కోడలితో. "మొదటి రోజు కదా, మెల్లగా ఎక్కిద్దాం."