నిలోఫర్ రాసుకొచ్చిన పేర్లు

ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలోకి మగ ఫోటోగ్రాఫర్ రాడు. నంద్యాలలో అక్కడ ఫోటోలు తీసేది నిలోఫర్. ఆడవాళ్ల ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే బుట్టలో పెట్టిస్తుంది. స్టూడియో ఇచ్చిన కెమెరాను మాత్రం అనుమానించలేదు.

ఆళ్లగడ్డలో పెళ్లికూతురు రుక్సానా మెహందీ అయిన మర్నాడు నిలోఫర్‌కు అసలు సంగతి తెలిసింది. ఆ కెమెరా తీసిన ప్రతి ఫోటో దానంతటదే ఇంటర్నెట్‌లో స్టూడియో ఫోటోలు దాచుకునే క్లౌడ్‌లోకి ఎక్కింది. దాని పాస్‌వర్డ్ అక్కడి నలుగురు మగవాళ్ల దగ్గరా ఉంది.

"చెరిపేసి గమ్మునుండు. బయటపడితే నిన్నెవరూ పిలవరు," అన్నాడు ఓనరు విజయభాస్కర్.

"వాళ్లు ముసుగు తీసింది నన్ను నమ్మి, అన్నా."

నిలోఫర్ ఏదీ చెరపలేదు. పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫోటోలు ఎవరెవరి ఫోన్లలో తెరిచారో క్లౌడ్‌లోనే చూసి కాగితం మీద రాసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది. రుక్సానా తల్లి మస్తాన్‌బీకి అంతా చెప్పింది.

"ఎవరన్నా చూసినారా?"

"ఇద్దరు చూసినారు ఖాలా. పేర్లు ఇవే. తీసింది నేను కాబట్టి పైన నా పేరు రాసినా."

"కేసు పెడితే నీ పని పోతాది గదనే."

"పోనీ. సాక్ష్యం నేనే చెప్తా."

తమ దగ్గర దాచిన ఫోటోలు బయటపడ్డప్పుడు క్లౌడ్ అమ్ముకునే కంపెనీలు ఇంత సూటిగా ఎప్పుడు మాట్లాడాయి? మాట్లాడింది రోజుకూలికి ఫోటోలు తీసే పిల్ల.

మస్తాన్‌బీ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"బురఖా వేసుకొస్తా, ఈడే ఉండు. స్టేషన్‌కు ఇద్దరం పోదాం."